బాబా తుపాకీ కొలత

ఒక శుక్రవారం మధ్యాహ్నం దోహాలో మా కూలీల క్యాంపు ముందు తెల్లటి పెద్ద బండి వచ్చి ఆగింది. క్యాంపుకి అలాంటి బండి రావడానికి రెండే కారణాలుంటాయి. ఎవడో తప్పు చేసి ఉండాలి, లేదా ఎవడో తప్పు చేశాడని కంపెనీ అనుకొని ఉండాలి. ఎందుకైనా మంచిదని అందరం తలలు వంచుకొని బట్టలు ఉతకడంలో మునిగిపోయాం. నేనైతే ఆరేసిన అంగీని తీసి మళ్ళీ తడిపాను.

దిగిన మనిషి గడ్డానికి గోరింటాకు పెట్టుకున్న హైదరాబాదీ. మా కంపెనీ యజమాని ఇంట్లో డ్రైవరు. ఆయన్ని క్యాంపులో అందరూ చాచా అనే పిలిచేవారు.

"మీలో ఐటీఐ ఫిట్టర్ చదివినోళ్ళు ఎవరన్నా ఉన్నారా?" అని అడిగాడు.

అందరం ఇంకా గట్టిగా బట్టలు ఉతికాం. చదువు గురించి అడిగితే ఒప్పుకోకూడదని క్యాంపులో అడుగుపెట్టిన రోజే నేర్పుతారు. ఒప్పుకున్నవాడికి పని పెరుగుతుంది, అంతే. అయితే నా పక్కన కూర్చున్న జగిత్యాల వాడు మాట్లాడకుండా నా వైపు వేలు చూపించాడు. స్నేహితులు ఉండేది ఇందుకే.

"నువ్వా బేటా?"

"కాగితం మీద అయితే నేనే చాచా. ఈడ చేసేది పైపులు బిగించుడు."

"చాల్‌తది. ఎక్కు."

"ఎటు?"

"అల్ ఘర్రాఫా. బాబా ఇంటికి."

బాబా అంటే మా యజమానే. ఇళ్ళలో పనిచేసేవాళ్ళు యజమానిని అలాగే పిలుస్తారు. నేను అప్పటివరకు ఆయన్ని కంపెనీ ఆఫీసు గోడ మీది ఫోటోలో మాత్రమే చూశాను. ఫోటోలో ఆయన కాస్త కోపంగా ఉంటారు. ఎదురుగా ఉన్న కుర్చీలు చూసి అయ్యుంటుంది.

ఆ రోజుల్లో దోహా అంతా క్రేన్లే. చమురు ధర పెరిగినకొద్దీ మేం ఎక్కాల్సిన అంతస్తులు పెరిగేవి. నా పని టవర్ల చుట్టూ ఇనుప పైపులతో పరంజా కట్టడం. పొద్దున ఎనిమిది గంటలకే పైపు పట్టుకుంటే చేయి కాలేది. కాబట్టి బండిలో చల్లగాలి మొహానికి తగలగానే నా ఆత్మగౌరవం, ఉన్నదేదో, కరిగిపోయింది. ఏ పనైనా సరే, చేస్తానని మనసులో ఒప్పేసుకున్నాను.

పనేమిటో దారిలో చాచా చెప్పాడు. బాబాకి రైఫిల్ గురి పిచ్చి. ఊరవతల రేంజిలో చాలా దూరంలో పెట్టిన అట్టముక్కకి చిల్లు పెట్టడం ఆయన సంతోషం. పర్మిషన్లన్నీ ఉన్నాయి. తూటాలు బజారులో కొనరు. కాల్చేసిన తూటా మిగిల్చే ఇత్తడి గొట్టాన్ని మళ్ళీ సాపు చేసి, మళ్ళీ నింపి వాడతారు. ఆ గొట్టాన్ని చాచా ఖోకా అనేవాడు, కాబట్టి నేనూ అలాగే అంటాను. ఖోకాలు సాపు చేసే మనిషి సెలవు మీద ఇంటికి పోయి, అక్కడే బాగుందని ఉండిపోయాడు.

"రెండు వారాలల్ల బాబా చుట్టాలంతా రేంజికి వస్తున్నరు," అన్నాడు చాచా. "అప్పటికి తూటాలు తయారుండాలె. బాబా తుపాకిల బోల్టు వెన్నలెక్క మూసుకోవాలె. మూసుకుంటే నువ్వు ఇగ ఈ వర్క్‌షాప్‌లనే. ఏసీ, చాయ్, నీడ."

"మూసుకోకపోతే?"

"మళ్ళ నీ పైపులు నీకే."

నాకు అర్థమైంది. నా భవిష్యత్తు ఒక బోల్టు, అంటే తుపాకీలో తూటా పెట్టాక వెనకనుంచి నెట్టి మూసే ఇనుప గడియ, మూసుకోవడం మీద ఉంది. మా వాళ్ళలో చాలామంది భవిష్యత్తు అంతకన్నా చిన్న విషయాల మీదే ఉండేది కాబట్టి పెద్దగా బాధ అనిపించలేదు.

ఆ సాయంత్రం ఇంటికి ఫోన్ చేసి అక్కకి చెప్పాను, కొత్త పని దొరికేట్టుంది, తూటాల పని అని.  మా వైపు తుపాకులు పట్టుకొని తిరిగినవాళ్ళు రెండు రకాలు. వాళ్ళు ఒకళ్ళ కోసం ఒకళ్ళు వెతుకుతూ వచ్చి మా ఇంట్లోనే మంచినీళ్ళు అడిగేవారు. ఆ రెండు రకాలూ మా నాన్నకి పడవు.

"దుబాయ్‌ల గూడ ఉన్నరారా వాళ్ళు?" అంది అక్క, గొంతు తగ్గించి.

"ఇది దుబాయ్ కాదక్కా, ఖతర్. ఈయన అట్టముక్కను కాలుస్తడు."

"అట్టముక్క ఏం చేసింది?"

 

వర్క్‌షాపు ఇంటి వెనక గదిలో. గట్టి బల్ల, దానికి బిగించిన ప్రెస్సు, గోడకి ఏసీ, ఒక ప్లాస్టిక్ కుర్చీ. కుర్చీ చాచాది. పాత మనిషి పనిచేస్తుంటే ఆ కుర్చీలో కూర్చొని చాయ్ తాగుతూ ఏళ్ళ తరబడి చూశాడట. అందువల్ల ఈ విద్యలో ఆయనకి తెలియనిది లేదు, చేతితో ఎప్పుడూ ముట్టుకోకపోవడం ఒక్కటి తప్ప. మందు పోసి, గుండు కూర్చే పని బాబాదే. ఆ అల్మారా తాళంచెవి ఆయన జేబు దాటదు. నాకు ఇచ్చింది ఖాళీ ఖోకాలు, ఒక డై.

తూటా పేలినప్పుడు ఖోకా తుపాకీ లోపలి గూడు నిండా ఉబ్బుతుంది, పెళ్ళి భోజనం నుంచి వచ్చినవాడిలాగ. మళ్ళీ వాడాలంటే దాన్ని పాత నడుముకి తేవాలి. డై అంటే ఉక్కు గొట్టం, లోపల ఖోకా ఆకారంలో తొలిచి ఉంటుంది. దాన్ని ప్రెస్సు తలలోకి మరలాగా తిప్పి బిగిస్తారు. ఖోకాకి పల్చగా నూనె రాసి, కింద హోల్డరులో నిలబెట్టి, పిడి లాగితే అది పైకి వెళ్ళి డైలో దూరి, నొక్కుకుపోయి, సన్నబడి కిందికి వస్తుంది. పని మొత్తం ఇంతే. గొడవంతా డైని ఎంత కిందికి దించాలి అన్న దగ్గర ఉంది. ఎక్కువ దించితే ఖోకా భుజం, అంటే మెడ కింద ఏటవాలుగా ఉండే చోటు, ఎక్కువ నొక్కుకుపోతుంది, తక్కువ దించితే నొక్కుకోదు. ఆ ఎక్కువకీ తక్కువకీ మధ్య ఉన్నది వెంట్రుక మందం.

"హోల్డరు పైకి లేపు. డైని తిప్పుకుంట దించు, తాకేదాంక. తాకిందా? ఇంక పావు చుట్టు. బస్," అన్నాడు చాచా కుర్చీలోంచి.

పావు చుట్టు తిప్పాను. తర్వాత, సైటు మీద అలవాటు కొద్దీ, ఇంకాస్త. మా ఫోర్‌మన్‌కి ఒకటే సూత్రం ఉండేది, నట్టు ఏడ్చేదాకా బిగించు. పరంజా కూలితే మనుషులు పోతారు, కాబట్టి అది మంచి సూత్రమే. పిడి లాగాను. ఖోకా బుద్ధిగా సన్నబడి వచ్చింది. అలా ఒక డబ్బాడు చేసి, పనైపోయిందనుకొని చేతులు తుడుచుకున్నాను.

అప్పుడే బాబా వచ్చారు. ఫోటోలో కన్నా పొట్టిగా, తెల్లటి పొడుగు తోబ్‌లో, ఇంట్లో తొడుక్కునే చెప్పులతో. తుపాకీ తెచ్చి, నేను చేసిన ఖోకా ఒకటి అందులో పెట్టి, ఒక్క వేలితో బోల్టు మూశారు. అది టపీమని పడింది. ఇక ఉద్యోగం ఖాయమనుకున్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు.

"మూ జైన్," అన్నారు. బాగా లేదు అని.

బల్ల కిందినుంచి ఒక డబ్బా తీసి నా ముందు కుమ్మరించారు. అన్నీ అడుగు దగ్గర చిట్లిన ఖోకాలు. అరబ్బీలో ఏదో చెప్పారు.

"ఎక్కువ నొక్కితే ఖోకా గూట్ల ఒదులుగ ఉంటదంట," చాచా తర్జుమా చేశాడు. "పేలినప్పుడల్ల సాగుతది, మళ్ళ నొక్కుతవు, మళ్ళ సాగుతది. సాగి సాగి చిట్లి చస్తది. పాతోడు అట్లనే చంపిండు. ఇత్తడికి గూడ పానం ఉంటదంటున్నరు బాబా."

"ఇత్తడికి ఉంటదా?"

"బాబా అంటే ఉంటది."

బాబాకి కావలసింది ఏమిటంటే, బోల్టు మూసుకోవాలి గానీ పడిపోకూడదు. చివర్లో వేలికి ఒక చిన్న పట్టు తెలియాలి, కొత్త అగ్గిపెట్టె అర మూసినట్టు. ఆయన తుపాకీ గూటికి సరిగ్గా సరిపోవాలి. కొలత ఆయన తుపాకీయే. అది వర్క్‌షాపులో ఉంచి వెళ్ళారు.

మర్నాటినుంచి బిగించడం మానేసి విప్పడం నేర్చుకున్నాను. డైని బాగా పైకి లేపి పెట్టాను. ఒక ఖోకా నొక్కడం, తుడవడం, బాబా తుపాకీలో పెట్టి చూడటం. బోల్టు సగంలో ఆగింది. డైని ఒక పిసరు దించడం, మళ్ళీ నొక్కడం, మళ్ళీ చూడటం. పొద్దునంతా అదే. నట్టు ఏడవకూడదు, నవ్వకూడదు, మధ్యలో ఎక్కడో ఊరుకోవాలి. ఐటీఐలో మా సారు ఇలాంటివి చెబుతుంటే వెనక బెంచీలో నిద్రపోయేవాణ్ణి. ఇంత దూరం వచ్చి ఆ పాఠం అందుకున్నాను.

దగ్గరికి వచ్చాననుకున్న సమయానికి ఖోకాలకి రాసే గ్రీజు డబ్బా అడుగంటింది. కొత్తది విదేశం నుంచి రావాలి. చాచా లేచి నిలబడ్డాడు. ఆయన కుర్చీలోంచి లేచాడంటే విషయం పెద్దదన్నమాట.

"కొబ్బరినూనె ఉండంగ పరేషాన్ కైకు?" అన్నాడు.

మాలో కొబ్బరినూనె సీసా లేనివాడు ఖతర్లో ఉండడు. తలకి, పగిలిన మడమలకి, తలుపు బందులకి, ఒకసారి విరిగిన సైకిలు గొలుసుకి కూడా అదే. నా పెట్టెలోంచి తెచ్చాను. ఆ సాయంత్రం ఏదో రిపేరని వర్క్‌షాపులో కరెంటు లేదు, ఏసీ ఆగింది, గది ఉడికిపోతోంది. నూనె నీళ్ళలా జారింది, ఖోకాలు హాయిగా దూరాయి. నేనూ చాచా ఒకళ్ళ తెలివికి ఒకళ్ళం మురిసిపోయి తలుపు వేసి పోయాం.

మర్నాడు కరెంటు వచ్చింది. ఏసీ రాత్రంతా తిరిగినట్టుంది, గది వేళ్ళు కొంకర్లు పోయేలా ఉంది. గిన్నెలో నూనె తెల్లగా గడ్డకట్టి ఉంది. వెన్నలా ఉంది, జారిపోదు, ఇంకా మేలే అనుకొని వేలితో తీసి పూసుకుంటూ పోయాను. వచ్చిన ఖోకా భుజం మీద సొట్ట. ఇంకోటి, సొట్ట. ఇంకోటి, రెండు సొట్టలు. ఆకులు నలిపినట్టు ఉన్నాయి.

చాచా గడ్డం పట్టుకున్నాడు. "ఖతమ్. డై పాయె. ఈ డై అమెరికా నుంచి వచ్చింది బేటా. ఇగ నిన్ను సైటుకి పంపిస్తరు, నన్ను ఊరికి పంపిస్తరు. నా కండ్ల ముంగట పాడైంది."

"నీ కండ్ల ముంగట కాదు చాచా, నువ్వు అప్పుడు చాయ్‌ల చూస్తున్నవ్."

"నజర్ తగిలింది. నిన్న మస్తు మంచిగ ఐతుండె. ఎవడో చూసిండు."

"చూసింది మనిద్దరమే."

"గదే అంటున్న."

డై విప్పి టార్చి వేసి చూశాను. లోపల, భుజం ఉండాల్సిన మూల, తెల్లటి ముద్ద. అడుగున పేరుకున్న నెయ్యిలా బిగుసుకొని ఉంది. ఖోకా వెళ్ళి ఆ ముద్దకి గుద్దుకుంటే ముద్దకి పోయే దారి లేదు, కాబట్టి ఇత్తడే వెనక్కి తగ్గింది. క్యాంపులో మా గదుల్లో ఏసీ ఉన్నా లేనట్టే ఉండేది. మా సీసాల్లో నూనె గడ్డకట్టడం మేం అక్కడ ఎన్నడూ చూడలేదు. అది గడ్డకడుతుందన్న సంగతే మర్చిపోయాం. ఊళ్ళో చలికాలం పొద్దున్న అమ్మ సీసాని పొయ్యి పక్కన పెట్టడం నాకు అప్పుడు గుర్తొచ్చింది, ఖోకాలు పాడయ్యాక.

డై తుడిచాను, నూనె వెచ్చబెట్టాను, లేచి ఏసీ ఆపాను.

"ఏసీ కైకు ఆపుతవ్?" అన్నాడు చాచా, నిజంగా గాయపడి.

"గ్రీజు వచ్చేదాంక గంతే."

"నువ్వు వచ్చిందే ఏసీ కోసం కదరా."

"ఔ చాచా. ఏసీల ఉండాలంటే ముందుగాల ఏసీ లేకుంట ఉండాలె."

చాచా చాయ్ గ్లాసు తీసుకొని, కుర్చీ ఎత్తుకొని, బయట గోడ నీడకి పోయి కూర్చున్నాడు. అక్కడినుంచే సలహాలు ఇచ్చేవాడు. నేను చెమటలో మునిగి, డైని పిసరు పిసరు దించుతూ, ఖోకా తర్వాత ఖోకా బాబా తుపాకీలో పెట్టి చూశాను. ఒక మధ్యాహ్నం బోల్టు చివరిదాకా వెళ్ళి, ఆ కొసన వేలికి సన్నటి పట్టు తగిలి, మూసుకుంది. డై కదలకుండా పట్టుకునే లాక్ రింగు బిగించాను. మళ్ళీ చేసి చూశాను. అదే పట్టు. ఇంకోటి. అదే.

బాబాని పిలిపించాం. ఆయన ఖోకా పెట్టి, వేలితో బోల్టు నెట్టి, కళ్ళు మూసుకున్నారు. మూసి, తెరిచి, మళ్ళీ మూశారు.

"జైన్," అన్నారు. ఆ మనిషి నోట్లోంచి ఆ మాట రావడం చాచా కూడా అరుదుగా విన్నాడట.  నాకు సంతోషం వస్తే మొహం తెలివితక్కువగా మారుతుంది, అందుకని వంగి ఖోకాలు ఏరుకున్నాను.

రేంజికి వెళ్ళే శుక్రవారం వచ్చింది. ఎడారిలో షామియానా, తివాచీలు, ఖర్జూరాలు, కాఫీ. బాబా చుట్టాలు అరడజనుమంది ఉంటారు. వాళ్ళలో పెద్దమనిషి బాబా పినతండ్రి కొడుకు, అల్ అజీజియాలో ఉంటాడు. ఆయన తుపాకీ కూడా బాబా దానిలాంటిదే, ఒకే కంపెనీ, ఒకే తూటా సైజు. ఇద్దరికీ చిన్నప్పటినుంచి పోటీ అట. చాచా కళ్ళలో మెరుపు చూస్తే ఆ పోటీ ఆయనదే అనుకుంటారు.

బాబా కాల్చారు. బోల్టు వెన్నలా మూసుకుంది, ఆయన నా వైపు చూసి కనుబొమ్మ కొంచెం ఎత్తారు. నేను మనసులో వర్క్‌షాపుకి తలుపు తెర కొన్నాను.

ఇక ఇక్కడ ఒక విషయం చెప్పాలి. అక్కడి మర్యాద ప్రకారం ఇంటాయన తన వస్తువు తను మాత్రమే వాడుకోడు. అన్నం ఒకే పెద్ద పళ్ళెంలో వస్తుంది, అందరూ చుట్టూ కూర్చొని తింటారు. కాఫీ ముందు అతిథికి. అలాగే తూటాలు కూడా అని మాకు తట్టలేదు. బాబాకీ తట్టలేదు, ఆయనకి అది తట్టాల్సిన విషయం కూడా కాదు, ఊపిరి లాంటిది. అజీజియా ఆయన తన తూటాల పెట్టె తెరవబోతుంటే బాబా ఆయన చెయ్యి పట్టుకొని ఆపి, నేను సాపు చేసిన ఖోకాల తూటాల పెట్టె ఆయన ఒళ్ళో పెట్టారు. ఇవాళ నువ్వు నా అతిథివి, నావే కాల్చాలి అని.

ఆయన ఒకటి తీసి తుపాకీలో పెట్టారు. బోల్టు సగంలో ఆగింది. ఇంకోటి పెట్టారు. అక్కడే ఆగింది.

 కాఫీ పోసేవాడు వంచిన కూజాని అలాగే ఉంచేశాడు. 

"ఖతమ్," అన్నాడు చాచా నా చెవిలో. 

ఏం జరిగిందో నాకు అప్పటికే అర్థమైంది. రెండు తుపాకుల గూళ్ళు ఒకే కొలతకి తొలిచినా వెంట్రుక తేడా ఉంటుంది. అజీజియా ఆయనది ఆ వెంట్రుకంత బిగువు. నేను డైని బాబా తుపాకీకి ఎంత సరిగ్గా కుదిర్చానంటే, అది ప్రపంచంలో ఇంకెవరికీ పనికి రాదు.

అంతలో అజీజియా ఆయన అరచెయ్యి ఎత్తారు, బోల్టుని గుద్ది మూసేద్దామని. నేను ఎప్పుడు లేచానో తెలియదు. "లా, లా," వద్దు వద్దు అంటూ వెళ్ళి ఆయన చేతికీ బోల్టుకీ మధ్య నా చెయ్యి పెట్టాను. పరంజా కట్టేవాడు షామియానా దాటి, చెప్పులు లేకుండా, యజమాని అతిథి చెయ్యి ఆపాడు. నిండు తూటాని గుద్దకూడదని, పేలొచ్చని ఆయనకి చెప్పేంత అరబ్బీ నాకు రాదు. చెయ్యే ఉంది.

బాబా మొహం ఎర్రబడింది. చాచాని పిలిచి ఏదో అడిగారు.

"ఏం చెప్పాలె?" అని చాచా నన్ను అడిగాడు. 

"ఉన్నదే చెప్పు చాచా. ఈ తూటాలు బాబా తుపాకికి కొలత తీసి కుట్టిన బట్టలు. వేరేటోళ్ళకు పట్టవు. తుపాకిల తప్పు లేదు, తూటాల తప్పు లేదు."

"నీ తప్పు?"

"అది వాళ్ళు జెప్తరు. నువ్వు చెప్పకు."

చాచా చెప్పాడు. చాలాసేపు చెప్పాడు, కాలితో కుట్టుమిషన్ కూడా తొక్కి చూపించాడు. బాబా వింటూ నేల వైపు చూశారు. ఆయనకి నా పని తప్పుగా అనిపించలేదని ఇప్పుడు అనుకుంటాను. తన ఇంట్లో తనకి మాత్రమే సరిపోయే వస్తువు ఒకటి తయారైంది, అది అందరి ముందూ బయటపడింది, అదీ ఆయన బాధ. అప్పుడు మాత్రం నాకు పైపులే కనిపించాయి, వేడివి.

అజీజియా ఆయన బోల్టు తెరిచి తూటా బయటికి తీసి, దాన్ని వెలుతురుకి పట్టి చూసి, ఉన్నట్టుండి నవ్వారు. తన తుపాకీ పక్కన పెట్టి బాబా తుపాకీ అందుకున్నారు. ఆ మధ్యాహ్నమంతా ఇద్దరూ ఒకే తుపాకీతో వంతులు వేసుకొని కాల్చారు. అజీజియా ఆయనే గెలిచారు, బాబా తుపాకీతో, బాబా తూటాలతో. 

మర్నాడు అజీజియా ఆయన తుపాకీ వర్క్‌షాపుకి వచ్చింది, బాబా మాటతో పాటు. ఖోకాలు ఇకనుంచి రెండింటికీ పట్టాలి.

"ఇత్తడి తొందరగ చస్తది గదా, అడుగు," అన్నాను చాచాతో.

చాచా అడిగి వచ్చాడు. "చావనీ అన్నరు. అతిథి ముందట తలవంచుకునుడు కన్న ఇత్తడి చచ్చుడు నయం అన్నరు."

లాక్ రింగు వదులు చేసి, డైని ఇంకొక పిసరు దించాను. ఈసారి బిగువు తుపాకీ కొలత. దాంట్లో పట్టు తెలుస్తూ మూసుకున్నది బాబా దాంట్లో కొంచెం స్వేచ్ఛగా మూసుకుంది, అంతే. సాయంత్రానికి పని అయిపోయింది. అప్పటికి గ్రీజు డబ్బా కూడా వచ్చేసింది, ఆలస్యంగా వచ్చే అన్ని వస్తువుల్లాగే, బోలెడంత.

నాలుగు రోజుల తర్వాత అజీజియా ఆయన తన తుపాకీ కోసం స్వయంగా వచ్చారు. ఖోకా పెట్టి బోల్టు మూశారు. మళ్ళీ మూశారు. ప్రెస్సు దగ్గరికి వచ్చి పిడి లాగి చూశారు, డై మీద వేలు రాశారు, "మాషా అల్లా, ఎంత మంచి మిషన్," అన్నారు.

చాచా మొహం పాలిపోయింది. ఎందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు. ఎదుటివాడు ఒక వస్తువుని అంతగా మెచ్చుకుంటే ఇంటాయన దాన్ని ఇచ్చేయడం అక్కడి పాతకాలం పెద్దమనుషుల పద్ధతి. అందులోనూ మొన్న రేంజిలో జరిగిన దానికి బాబా ఏదైనా ఇవ్వడానికి కారణం కోసమే చూస్తున్నట్టున్నారు. గుండె మీద చెయ్యి వేసుకొని ఒకే మాట అన్నారు, ఇది నీదే అని. అజీజియా ఆయన వద్దన్నారు. బాబా మళ్ళీ అన్నారు. ఆయన మళ్ళీ వద్దన్నారు. మూడోసారికి ఒప్పుకున్నారు. ప్రెస్సుని బల్ల మీంచి విప్పింది నేనే, డిక్కీలో పెట్టింది చాచా.

బండి వెళ్ళిపోయాక వర్క్‌షాపులో బల్ల, నాలుగు బోల్టు రంధ్రాలు, నేను మిగిలాం.

"మరి నేను?" అన్నాను.

చాచా బాబా దగ్గరికి పోయి వచ్చాడు. "ఏం అనలేదు. మిషన్ లేదు కదా బేటా. శనివారం నుంచి సైటుకి పేరు పోయిందంట." ఆయన కళ్ళు తుడుచుకోబోయాడు.

"ఆగు చాచా. ఇంక బుధవారమే."

గురువారమంతా, శుక్రవారం పగలంతా ఏమీ జరగలేదు. డ్రామాలో ఈ భాగం ఎవరూ చెప్పరు, మనిషి మంచం మీద పడుకొని ఫ్యాను చూసే భాగం. నా పక్క మంచం జగిత్యాల వాడు నన్ను ఓదార్చడానికి, ఇప్పుడు కొత్త టవరు ఇంకా ఎత్తని, పైన గాలి బాగుంటుందని చెప్పాడు. శుక్రవారం సాయంత్రం చాచా ఫోన్ చేశాడు. అజీజియా ఇంట్లో ప్రెస్సుని బల్లకి బిగించారట. డైని విప్పి తుడిచి, ముద్దుగా ఉందని చేతిలో తిప్పి చూస్తూ లాక్ రింగుని కూడా తిప్పేశారట. మళ్ళీ గట్టిగా బిగించి పిడి లాగితే ఖోకా ఒకటి నూనె లేక డైలో ఇరుక్కుంది. ఎంత లాగినా రాలేదు. అప్పుడు బాబాకి ఫోన్ చేశారు. ఫోన్‌లో కుశలాలు అయ్యాక, చాలాసేపు అయ్యాక, మిషన్ ఒక్కటే ఇచ్చావు, తిప్పేవాణ్ణి ఎందుకు దాచుకున్నావు అని అడిగారట.

"బాబా ఏమన్నరు?"

"ఇచ్చేసిన అన్నరు."

"దేన్ని?"

"నిన్ను, ఇంక దేన్ని. కాగితాల మీద సంతకం గూడ అయింది. పొద్దున బండి వస్తది."

శనివారం పొద్దున సైటు బస్సు వచ్చి హారన్ కొట్టింది. అందరూ హెల్మెట్లు పట్టుకొని ఎక్కారు. నేను పెట్టె మీద కూర్చొని ఉన్నాను.

ఫోర్‌మన్ కిటికీలోంచి తల పెట్టాడు. "ఎక్కవా?"

"లేదు సార్. నన్ను గిఫ్టిచ్చిండ్రు."

బస్సంతా నవ్వింది. జగిత్యాల వాడు కిటికీలోంచి, "రంగు కాగితం ఏదిరా?" అని అరిచాడు. బస్సు దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయింది. కాసేపటికి దుమ్ము అణిగింది, బండి మాత్రం రాలేదు. ఎండ పెట్టె సగం దాకా పాకింది. మనసు మార్చుకున్నారేమో, ఇరుక్కున్న ఖోకా దానంతట అదే వచ్చేసిందేమో అని నాకు మొదటిసారి కొంచెం భయం వేసింది. బస్సు ఎటు పోయిందో ఆ వైపు రెండుసార్లు చూశాను కూడా.

తర్వాత అజీజియా బండి వచ్చింది. డ్రైవరు నేపాలీ కుర్రాడు. డిక్కీ తెరిచి, చేతిలో చీటీ చూసుకొని, మిషన్ తాలూకు మిగతా సామాను తీసుకురమ్మన్నారు, ఎక్కడుంది అని హిందీలో అడిగాడు.

పెట్టె డిక్కీలో పెట్టి, వెళ్ళి ముందు సీట్లో కూర్చున్నాను.